రబ్బరుకు రాగి పడదు

మా వీధి మలుపులో తలుపులు, కిటికీలు చేసే మేస్త్రి ఇల్లు ఉంది. ఆయన భార్యను వీధి వీధంతా రబ్బరత్త అంటుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, ఒళ్ళు విల్లులా వంచి గారడీ చేసే మనిషేమో అనుకుంటారు. తీరా చూస్తే కుట్టుమిషను ముందు కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే భుజంతోనే పైకి నెట్టుకునే నెమ్మదస్తురాలు. ఆ పేరు రావడానికి కారణం ఆమె భర్త చేతులకున్న పిచ్చి.

మేస్త్రి పగలంతా తలుపులు చేస్తాడు. సాయంత్రం చేతులు కడుక్కుని బొమ్మ విమానాలు చేస్తాడు. అగ్గిపుల్లంత సన్నటి తేలిక కర్రలను జిగురుతో అతికి, పైన ఉల్లిపొరలాంటి కాగితం అంటిస్తాడు. ఇంజను లేదు, నూనె పొయ్యక్కర్లేదు. ముక్కు దగ్గర్నుంచి తోక దాకా లోపల రబ్బరు పట్టీల కట్ట ఒకటి ఉంటుంది, అంతే. దాన్ని గట్టిగా మెలితిప్పి వదిలితే, మెలి విడిపోతూ ముందున్న చెక్క పంఖాను తిప్పుతుంది. విమానం లేస్తుంది.

"ఒళ్ళు నాది, ప్రాణం ఆవిడది," అంటాడు మేస్త్రి.

ఆ మాట నిజం. రబ్బరు సంగతంతా అత్తదే. బట్టలు కుట్టే మనిషి గనక ఎలాస్టిక్కు ఎందుకు చస్తుందో ఆమెకు పెళ్ళికి ముందే తెలుసు. ఎండలో ఆరేసినవాళ్ళ పరికిణీలే ముందు నడుము జారుతాయి. అదే తెలివిని విమానాల రబ్బరుకు తెచ్చింది. కొత్త రబ్బరు తెల్లటి పొడి పూసుకుని వస్తుంది. దాన్ని గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, ఆముదం పట్టించి, మెలిక పడకుండా వదులుగా చుట్టచుట్టి, వెలుతురు తగలనిచోట పెడుతుంది. పొయ్యి దగ్గర పెట్టదు. ఫ్యాను తిరిగేచోట పెట్టదు. కరెంటు మోటారు దగ్గరి గాలి రబ్బరును ఎండగొడుతుందంటుంది. వాడేముందు కొంచెం కొంచెంగా సాగదీసి అలవాటు చేస్తుంది. ఎగిరొచ్చాక విప్పి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ చీకట్లో పడుకోబెడుతుంది.

"పని చేసొచ్చినదాన్ని కాసేపు పడుకోనివ్వాలండీ. వెంటనే మళ్ళీ లేపితే తెగుతుంది," అంటుంది.

"ఈ దయ నామీద ఒక్కనాడైనా చూపించావా?" అంటాడు మేస్త్రి.

పొద్దున్నే మొదటి సూదిలోకి దారం ఎక్కించేముందు ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. రబ్బరు డబ్బా మూత తీసేముందు కూడా అంతే. ఎవరైనా అడిగితే, "సాగే గుణం మనం పెట్టింది కాదు కదా. పెట్టినవాణ్ణి తలుచుకుంటున్నా," అని నవ్వేస్తుంది.

ఇంట్లో చిన్న విమానాలు చాలానే వచ్చాయి, పోయాయి. పెద్దది ఒకటే. దాని రెక్కలు చాపితే వాళ్ళ వాకిలి చాలుతుందా చాలదా అన్నట్టుంటుంది. మేస్త్రి దాన్ని ఏళ్ళ తరబడి చేశాడు. ఒక వానాకాలం రెక్క, మరో వానాకాలం తోక. అది ఇంకా గాలి ఎరగదు; ముందుగది పైకప్పుకు తాళ్ళతో వేలాడుతూ, కింద ఎవరైనా తుమ్మితే కొంచెం ఊగేది. దాన్ని లేపగల రబ్బరు కూడా ఆ ఇంట్లో ఒకటే ఉంది. ఒకప్పుడు ఏ పుణ్యాన వచ్చిందో ఒక మంచి సరుకు వచ్చింది. తరువాత వచ్చిన రబ్బరు ఏదీ దాని కాలిగోటికి సరిపోలేదు. అందులో మిగిలిన చివరి చుట్టను అత్త బిస్కెట్ల డబ్బాలో కాగితంలో చుట్టి, గోడబీరువా అడుగు అరలో దాచింది.

ఈ ఏడు ఊరి చివరి మైదానంలో ఇళ్ళు కడతారన్న కబురొచ్చింది. కంచె గుంజలు పాతడం మొదలైంది. చుట్టుపక్కల పెద్ద విమానం ఎగరగల చోటు మరొకటి లేదు. కంచె మూసే లోపల వచ్చే చల్లటి ఆదివారం పొద్దున ఎగరేద్దామని మేస్త్రి అనుకున్నాడు. ఎగిరితే అప్పుడే, లేకపోతే అది ఎప్పటికీ పైకప్పు కింద బొమ్మే.

అలాంటి సమయంలో అత్త తడిమెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేశారు, కట్టు వేశారు. ఆసుపత్రికి మాటిమాటికీ వెళ్ళాలి గనక, అక్కడికి దగ్గర్లో ఉన్న వాళ్ళ అక్క ఇంట్లో కొన్ని వారాలు ఉండిపోయింది.

ఇల్లు చూసుకోవడానికి వెనక వీధి నుంచి ఆమె తోడికోడలు వచ్చేది. మేస్త్రి తమ్ముడి భార్య. ఆడవాళ్ళకు జడలు అల్లి, కొప్పులు చుట్టే పని ఆమెది. అందుకని అందరూ జడల పిన్ని అంటారు. మనసు వెన్న, నోరు గలగల. కాకపోతే చెయ్యి జారుడుదని పేరు పడింది. కాపురానికి వచ్చిన కొత్తలో బావగారి జిగురుగిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. అది మాడి, ఇల్లంతా కంపుకొట్టింది. "ఈ అమ్మాయి చెయ్యి పెడితే చాలు, సరి!" అని మేస్త్రి ఒక్క మాటన్నాడు. అన్నవాడు మరునాటికి మరిచిపోయాడు. పడ్డదానికి అలా పోతుందా? ఆనాటి నుంచి బావగారి పనిముట్టు ఏదీ ఆమె ముట్టుకోలేదు. చీపురు పట్టినా ఆయన బల్ల చుట్టూ ఊడ్చేదే గాని, బల్ల కింద ఊడ్చేది కాదు.

అత్త తిరిగివచ్చిన పొద్దున ఇల్లు అద్దంలా ఉంది. గిన్నెలు వరసలో, దుప్పట్లు మడతలో ఉన్నాయి. జడల పిన్ని కుర్చీలో దిండు వేసి ఆమెను కూర్చోబెట్టింది.

"అక్కా, నీకో సంగతి చెప్పాలి. కోప్పడకూడదు."

"ఏం పగలగొట్టావే?"

"పగలగొట్టలేదు, బాగుచేశాను! ఆ మూలగోడ చెమ్మకు నీ బిస్కెట్ల డబ్బా అడుగు తుప్పుపట్టి చిల్లి పడిందక్కా. లోపల కాగితం తడిసి ముద్దయింది. నీ రబ్బరు పాడైపోతుందేమోనని నా గుండె ఆగినంత పనైంది. మంచి పెట్టెలోకి మార్చాను. ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు అని నువ్వు చెప్పిందంతా గుర్తుపెట్టుకున్నా."

ఆమె బీరువా తెరిచి, రెండు చేతులతో ఒక పెట్టె తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. రాగి పెట్టె. వాళ్ళమ్మ గుండీలు, గాజులు దాచుకున్న పెట్టె. పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్నవాటిలో మిగిలింది అదొక్కటే. తోమితోమి మొహం కనబడేంత నిగనిగగా ఉంచింది.

అత్త ఎడమచేత్తో మూత తీసింది. ఈసారి కళ్ళు మూసుకోవడం మరిచిపోయింది. పెట్టె అంచుల్లో ఆముదం ఆకుపచ్చగా మారి ఉంది. రబ్బరు పెట్టెను తాకినచోట వేలు పెడితే లక్కలా అంటుకుంది.

ఆమె మూత వేసేసింది. ఎదురుగా తోడికోడలు చేతులు కట్టుకుని, మార్కుల కోసం చూసే బడిపిల్లలా నిలబడి ఉంది.

"ఎంత తళతళలాడుతోందే, మీ అమ్మ పెట్టె," అంది అత్త.

"రోజూ తుడిచాను అక్కా!"

ఆ రోజుకు ఆ మాట అక్కడితో ఆగింది. అత్తకు మాత్రం మనసులో రెండు వైపులా లాగింది. చెప్పకపోతే మేస్త్రి ఆ రబ్బరు పాతబలంతోనే ఉందనుకుని నిండుగా తిప్పిస్తాడు. నిండుగా మెలిపడ్డ రబ్బరు విమానం పొట్టలో తెగిందంటే కొరడా కొట్టినట్టే. పుల్లకు పుల్ల మిగలదు, అన్ని వానాకాలాల పని ఒక్క చప్పుడుతో పోతుంది. చెబితే, తన దగ్గరున్న ఒకే ఒక్క మంచి వస్తువు తెచ్చిపెట్టిన మనిషి తల వంగిపోతుంది. కొత్త రబ్బరు తెప్పిద్దామంటే అది వచ్చేసరికి మైదానంలో గోడలు లేస్తాయి.

మరునాడు మేస్త్రి తన కొట్టంలో చిత్రిక పడుతుండగా, అత్త తోడికోడల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒంటిచేత్తో నాకు కుదరదు గాని, రబ్బరు కడిగిపెడతావా?"

"నేనా? వద్దక్కా. బావగారి వస్తువు."

"అది బావగారిది కాదు, నాది. తల అంటినట్టు మెల్లగా కడుగు."

జడల పిన్ని బేసినులో గోరువెచ్చని నీళ్ళు, సబ్బు కలిపి రబ్బరు వేసింది. కడుగుతూ కూడా నోరు ఊరుకోలేదు. "తలకు రాసే ఆముదం తీసుకెళ్ళి తాడుకు రాస్తారా ఎవరైనా! మా దగ్గరికి జడకోసం వచ్చేవాళ్ళు ఒక్క చుక్క ఎక్కువైతే నాలుక్కరుచుకుంటారు. నీ రబ్బరుకే భోగం."

నీడలో ఆరాక, అత్త ఒక కొస పట్టుకోమంది. "ఇప్పుడు కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళ మధ్య నుంచి జార్చు. చిక్కు పడ్డ జుట్టు ఎలా తెలుస్తుందో అలా. ఎక్కడైనా తేడాగా ఉంటే చెప్పు."

ఆ వేళ్ళు ఎన్ని తలల చిక్కులు విప్పాయో. కొంచెం దూరం పోయాక ఆగింది. "ఇక్కడ జిగటగా ఉందక్కా." ఇంకొంచెం పోయింది. "ఇక్కడా. ఇక్కడ అంచు చిన్నగా చీలింది కూడా." చుట్టలో లోపలి వరసలు నున్నగా వచ్చాయి. బయటి వరస వచ్చినప్పుడల్లా ఆమె వేళ్ళు ఆగుతున్నాయి. ఆమె నోరు కూడా ఆగిపోయింది. కళ్ళు తెరిచి, ఆ జిగట భాగాన్ని వేలికి చుట్టుకుని చూసింది. తరువాత గట్టు మీదున్న పెట్టె కేసి చూసింది.

"పెట్టెకు తగిలిన చోటే పోయింది కదూ?"

అత్త ఆ జిగట భాగం మీది నుంచి చూపు తిప్పుకుంది.

"అక్కా, నీకు నిన్ననే తెలుసు."

"తెలుసమ్మా. రబ్బరుకు రాగి పడదు. ఎందుకో నాకూ తెలియదు. కొందరికి కొన్ని పడవు, అంతే."

జడల పిన్ని తల పట్టుకుంది. "అనుకుంటూనే ఉన్నా. ఒళ్ళంతా ఆముదం రాసుకుని దొర్లినా అంటేదే అంటుతుందని ఊరికే అన్నారా! ఇంట్లో స్టీలు డబ్బాలు ఎన్ని లేవు? నా ఖర్మ కాకపోతే వెతికి వెతికి రాగి పెట్టె తెచ్చానే!"

"ఇష్ష్, మెల్లగా. డబ్బా తుప్పుపట్టి ఇలా అయిందని ఆయనకు నేను చెబుతాలే. అబద్ధమేం కాదు, సగం నిజమే కదా."

అలా అనడం అత్తకు అలవాటులేని పని. ఆ మాటంటూ కళ్ళజోడు రెండుసార్లు సర్దుకుంది.

జడల పిన్ని రబ్బరును మెల్లగా చుట్టి బేసిను పక్కన పెట్టింది. తరువాత కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

"సగం నిజం వద్దక్కా. నన్ను కాపాడబోయి నువ్వెందుకు తడబడతావు? నేనే చెబుతాను."

కొట్టం గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండానే చెప్పింది. డబ్బా చిల్లిపడటం, రాగి పెట్టె, జిగట, అన్నీ చెప్పింది. చిత్రిక చప్పుడు ఆగిపోయింది. మేస్త్రి చేతిలోని చిత్రికను బల్ల మీద పక్కకు పడుకోబెట్టాడు. ముందుగదిలోకి వచ్చి, పైకప్పుకు వేలాడుతున్న విమానాన్ని తలెత్తి చూశాడు. అత్త ఎడమచేత్తో కుర్చీ అంచు పట్టుకుంది. ఆయన గట్టు దగ్గరికి వెళ్ళి పెట్టె తీశాడు. తిప్పి చూశాడు. మూత అంచు మీద ఎవరో సన్నగా చెక్కిన తీగపువ్వును బొటనవేలితో తడిమాడు.

"ఇది మీ అమ్మగారిది కదూ?"

"అవును బావగారూ."

"రబ్బరుకు ఇంత మంచి పెట్టె ఎవరిస్తారమ్మా! నేనైతే మేకుల డబ్బాలో పడేసేవాణ్ణి."

జడల పిన్నికి అంతవరకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మేస్త్రి కంగారుపడిపోయాడు. "ఇదిగో, ఏమేవ్, చెప్పవే. రాగి సంగతి ఈ ఇంట్లో మొదట కనిపెట్టింది ఎవరో."

అత్త నవ్వింది. "ఎవరా? మీరే. కొత్త రబ్బరుకట్టను మెరుస్తోంది గదా అని కరెంటు తీగ రాగితో కట్టి మేకుకు తగిలించారు. కట్టినచోటల్లా కారిపోయింది."

"అప్పుడు మీ అక్క నన్ను ఒక్క మాటనలేదమ్మా. తిట్టినా బాగుండేది. ఆనాటి నుంచి నేను రబ్బరు ముట్టుకుంటే ఒట్టు."

"అందుకేనా బావగారూ, మీరు ఆ బీరువా వైపే రారు!" ముక్కు చీదుకుంటూనే అంది జడల పిన్ని. "నేనింకా నా ఒక్కదానికే ఈ ఇంట్లో శాపం ఉందనుకున్నా."

ఆ పూట ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. జిగట పట్టిన భాగాలు మేస్త్రి తన ఒట్టు పక్కన పెట్టి కత్తిరించాడు. బాగున్న ముక్కలను జడల పిన్ని ముడివేసింది. రబ్బరు ముడికి కొస నాలుకతో తడిపి, మెల్లగా బిగించి, దాని వెనక మరో ముడి వెయ్యాలని అత్త చెప్పింది. మళ్ళీ ఆముదం పట్టించి, పేటలుగా కలిపి చూసుకుంటే, కట్ట లావుకు సరిపోయింది గాని పొడవు తగ్గింది.

"అంటే?" అంది జడల పిన్ని.

"అంటే విమానం లేస్తుంది. ఎక్కువసేపు ఉండదు," అన్నాడు మేస్త్రి. "లేస్తే చాలు."

తరువాతి రోజుల్లో అత్త చెబుతుంటే జడల పిన్ని ఆ కట్టను సాగదీసి, వదిలి, కాసేపు పడుకోనిచ్చి, మళ్ళీ కొంచెం ఎక్కువ సాగదీసి అలవాటు చేసింది. ఆదివారం గాలి ఎలా ఉంటుందోనని మేస్త్రి కిటికీ తెరిచి చూస్తూ ఉండేవాడు.

ఆ ఆదివారం దేవుడు గాలిని కట్టేసినట్టే ఉంది. మైదానంలో గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. ఒక పక్క పనివాళ్ళు కంచె గుంజలు పాతుతున్నారు. మేస్త్రి విమానం తోక దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ముక్కును పంఖాతో సహా బయటికి తీసి, రబ్బరు కొసను, చెక్కకు చిల్లులు పెట్టే చేతి బర్మాకు బిగించిన కొక్కేనికి తగిలించారు. ఇన్నాళ్ళూ బర్మా తిప్పిన చెయ్యి అత్తది. ఆ చెయ్యి ఇప్పుడు కట్టులో ఉంది.

"నువ్వు తిప్పాలమ్మాయ్," అన్నాడు మేస్త్రి.

జడల పిన్ని బర్మా అందుకుంది. అత్త చెప్పినట్టు రబ్బరును దూరంగా లాగుతూ వెనక్కి నడిచి, అక్కడ నిలబడి తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూ తిప్పుతూ అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకు రావాలి. రబ్బరు మొదట తాడులా మెలిపడింది. తరువాత ముడి మీద ముడి లేచి, పేనిన జడలా బిగిసింది. గుంజల మీద సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. పనివాళ్ళు ఇటు చూస్తున్నారు.

"ఇంకాస్త," అన్నాడు మేస్త్రి.

ఆమె ఇంకాస్త తిప్పింది.

"ఇంకాస్త పడుతుందమ్మా. పైకి పోవాలి గదా."

జడల పిన్ని తిప్పడం ఆపి అత్త వైపు చూసింది. అత్త నోరు విప్పబోయి, ఆగి, "నన్నడుగుతావేం? బర్మా నీ చేతిలో ఉంది. నీ వేళ్ళు ఏమంటున్నాయి?" అంది.

ఆమె కళ్ళు మూసుకుంది. నొప్పి పుట్టకుండా జడ ఎంత బిగించాలో తెలిసిన వేళ్ళు అవి.

"చాలు బావగారూ."

మేస్త్రి పెదవి కదిపాడు, మళ్ళీ మూసుకున్నాడు. "చాలంటే చాలు," అన్నాడు.

ముక్కు బిగించి, పంఖాను పట్టుకుని లేచి నిలబడ్డాడు. విమానాన్ని విసరలేదు. గాలికి అప్పగించినట్టు వదిలాడు. పంఖా గుయ్యిమంది. అది కొంచెం దిగి, గడ్డిని తాకేలా వెళ్ళి, ఉన్నట్టుండి మనసు మార్చుకున్నట్టు తల ఎత్తింది. మెట్టు మెట్టుగా ఎక్కింది. పల్చటి కాగితంలోంచి పొద్దు వెలుగు వచ్చి, లోపలి పుల్లలన్నీ కనబడ్డాయి. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు మధ్యలో పంఖా ఆగింది. ఆ తరువాత చప్పుడు లేకుండా, కంచె గుంజల మీదుగా తేలుతూ, పనివాళ్ళ ఇసుకకుప్ప అవతల దిగింది.

అత్త పెదవులు కదులుతూనే ఉన్నాయి. మేస్త్రి కదల్లేదు.

వాళ్ళు వెళ్ళేలోగానే పనివాళ్ళలో ఒకాయన సుత్తి కింద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, విమానాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుని వచ్చాడు. "ఎక్కడా చిరగలేదు సార్. మళ్ళీ ఎగరేస్తారా? మేము కాసేపు ఆగుతాం," అన్నాడు.

మేస్త్రి జడల పిన్ని వైపు తిరిగాడు. ఆమె అప్పటికే విమానం ముక్కు విప్పి, రబ్బరును వేళ్ళ మధ్య జార్చి చూస్తోంది. ఒక ముడి దగ్గర ఆగింది.

"ఇక్కడ అంచు చీలడం మొదలైంది బావగారూ. ఇందాక లేదు."

ఆయన ఆ చీలికను వంగి చూశాడు. ఇంకాస్త తిప్పి ఉంటే ఏమయ్యేదో అందరికీ కనబడుతూనే ఉంది. "నా చేతిలో బర్మా ఉంటేనా," అని మేస్త్రి సగంలో ఆపి, పనివాడి భుజం తట్టి, "ఇవాళ్టికి ఇది అలిసిపోయింది బాబూ. పడుకోబెట్టాలి," అన్నాడు.

ఇంటికి వచ్చాక అత్త చెబుతుంటే జడల పిన్ని రబ్బరు విప్పి, తుడిచి, చీలిన చోటు తీసేసి, వదులుగా చుట్టింది. మూత బిగుతుగా ఉన్న ముదురు రంగు గాజుసీసా ఒకటి మేస్త్రి ఎక్కడ్నుంచో వెతికి తెచ్చాడు. అందులో పెట్టారు. రాగి పెట్టెను అత్త తోమించి, తన గుండీలు అందులో పోసి, కుట్టుమిషను పక్కన పెట్టుకుంది.

"గుండీలకు రాగి పడుతుందా అక్కా?" అంది జడల పిన్ని.

"మీ అమ్మ అన్నేళ్ళు దాచింది కదే. అలవాటే ఉంటుంది వాటికి."

ఆమె చెప్పులు వేసుకుంటుంటే మేస్త్రి సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకెళ్ళమ్మా. మా గోడకు చెమ్మ ఎక్కువ. ఇక నీ దగ్గరే ఉండనీ."

"నా దగ్గరా! బావగారూ, నా చెయ్యి సంగతి మీకు..."

"నీ చెయ్యి సంగతి మైదానంలో చూశాను. వెళ్ళు, ఎండెక్కుతోంది."

ఆమె సీసాను తువ్వాలులో చుట్టి, గుండెకు ఆనించుకుని బయలుదేరింది. గుమ్మంలో నిలబడి అత్త చూస్తూ ఉంది. జడల పిన్ని తిన్నగా వెళ్ళలేదు. వీధి దాటి అవతలి పక్కకు వెళ్ళి, గోడల నీడ పట్టుకుని నడిచింది. నీడ లేనిచోట సీసాను కొంగు కిందికి తీసుకుని రెండంగల్లో దాటి, మళ్ళీ నీడలోకి వెళ్ళింది.